గేరుబాక్సు విప్పే ముందు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో రెండవ నాటి విజ్ఞాన సభయందు ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

ఈ సభలో నేను మాట్లాడవలసిన అంశం ఏమిటని ఉత్సవ సంఘం వారు అడిగినప్పుడు "ఆటోమేటిక్ గేర్ల కారులో వచ్చే లోపాలు, వాటి మరమ్మతు" అని చెప్పాను. వారు కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత ఒక పెద్దాయన మెల్లగా, "అమ్మా, మాతృభాష ఔన్నత్యాన్ని గురించి నాలుగు మాటలు చెబితే సభకు శోభగా ఉంటుంది కదా" అన్నారు. మాతృభాష ఔన్నత్యాన్ని గురించి నిన్న ముగ్గురు వక్తలు ఎంతో చక్కగా మాట్లాడారు. నాలుగవ దానిగా నేనూ అదే చెప్పడం కంటె ఆ భాషతో ఒక పని చేసి చూపడం మంచిదని నాకు తోచింది.

దీనికొక కారణం ఉంది. ప్రతి సంవత్సరం ప్రవేశాల వేళ తల్లిదండ్రులు నా గదిలో కూర్చుండి అడిగే ప్రశ్న ఒకటే: "టీచరమ్మా, తెలుగులో చదివితే హోసూరు కంపెనీలలో పనికొస్తుందా?" అది న్యాయమైన ప్రశ్న. 1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1980లో టి.వి.ఎస్. మోపెడ్, అశోక్ లేలాండ్ లారీ, రెండూ హోసూరులో రూపుదిద్దుకోసాగాయి. మన పిల్లల అన్నం యంత్రాల దగ్గర ఉంది. యంత్రాన్ని గురించి మాట్లాడలేని భాషలో బిడ్డను చదివించమని ఏ తల్లినీ నేను అడగలేను. కాబట్టి మాట్లాడగలమో లేదో ఈ పూట చూద్దాం.

గేరు మార్చనక్కరలేని బండి డెంకణికోటకు కొత్తది కాదు. ఇక్కడున్న పెద్దలలో ఎందరో టి.వి.ఎస్. 50 మీద సంతకు కూరగాయల మూటలు, బిందెలు వేసుకొని వెళ్ళినవారే. దానికి క్లచ్ పిడి లేదు, గేర్లు లేవు. ఇంజన్ వేగం పుంజుకోగానే లోపలి చిన్న బరువులు విసురుకు బయటికి జరిగి, చుట్టూ ఉన్న గిన్నెను పట్టుకొనేవి. గిన్నె తిరిగేది, బండి కదిలేది. మనం తరగతిలో రాతికి దారం కట్టి తిప్పి చూపించే పాఠమే అది.

కారులో ఇది కొంత క్లిష్టమవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బలం కావాలి, సమతల రోడ్డు మీద వేగం కావాలి. ఇంజన్ ఒక్కటే, అవసరాలు రెండు. ఈ రెంటినీ సర్దేది గేరుబాక్సు. మామూలు కారులో ఎడమ కాలితో క్లచ్ నొక్కి చేతితో గేరు మారుస్తాం. ఆటోమేటిక్ కారులో ఆ పనిని ఆయిలు చేస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే లోపాలలో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

రెండు టేబులు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికి మాత్రమే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండవ ఫ్యాను రెక్కలు కూడా తిరుగుతాయి. గాలికి బదులు ఆయిలు నింపి, రెంటినీ ఒకే గుండ్రని డబ్బాలో మూసివేస్తే అది టార్క్ కన్వర్టర్. ఒక ఫ్యాను ఇంజన్‌ది, రెండవది గేరుబాక్సుది. మధ్యలో మూడవ రెక్కల చక్రం ఒకటుండి, తిరిగి వచ్చే ఆయిలును సరైన వైపుకు మళ్ళించి బలాన్ని పెంచుతుంది. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజనీరు 1905లో ఈ ఆలోచనకు పేటెంటు పొందినప్పుడు ఆయన మనసులో ఉన్నది కారు కాదు, ఓడ. కార్లలో పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సును పెద్దయెత్తున అమ్మకానికి తెచ్చినది అమెరికాలోని జనరల్ మోటార్స్, 1939లో, ఓల్డ్స్‌మొబైల్ బండిలో.

దాని వెనుక ఉండే పళ్ళచక్రాల కూర్పు చూస్తే మన పిల్లలకు వెంటనే బోధపడుతుంది, ఎందుకంటే దాని పేర్లే ఖగోళానివి. మధ్యలో సూర్యచక్రం. దాని చుట్టూ ఒక చట్రంలో బిగించిన మూడు నాలుగు గ్రహచక్రాలు. అన్నిటినీ ఆవరించి లోపలి వైపు పళ్ళున్న వలయచక్రం. వలయాన్ని కదలకుండా పట్టి సూర్యుణ్ణి తిప్పితే, గ్రహాల చట్రం నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరుగుతుంది. అది ఎత్తెక్కే గేరు. ఏ రెంటినైనా కలిపి బిగిస్తే మొత్తం ఒకటిగా తిరుగుతుంది. అది సూటి గేరు. చట్రాన్ని పట్టి సూర్యుణ్ణి తిప్పితే వలయం ఎదురు దిక్కుగా తిరుగుతుంది. అది వెనుక గేరు. ఒక్క చక్రాన్నీ స్థానం నుండి జరపనక్కరలేదు. దేనిని పట్టాలి, దేనిని వదలాలి అన్నదే ప్రశ్న. పట్టేవి ఆయిలులో మునిగి ఉండే క్లచ్ పలకలు. ఆ పలకలను నొక్కేది కూడా ఆయిలు పీడనమే. ఏ దారిలో ఎంత పీడనం పోవాలో నిర్ణయించేది కంప్యూటర్, విద్యుత్ కవాటాలు. మెకానిక్కులు ఆ కవాటాలను సోలినాయిడ్లు అంటారు.

ఇక నా కథ. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కొత్త బండి కొనుక్కుంటూ తన పాత ఆటోమేటిక్ కారును నాకు ఇచ్చాడు. ఎడమ మోకాలి నొప్పితో క్లచ్ తొక్కలేకపోతున్న నాకు అది వరమైంది. రెండేళ్ళు సుఖంగా నడిచింది. గత మార్గశిరంలో ఉదయం పూట లివరును డి మీదికి వేస్తే రెండు మూడు క్షణాలు ఆలోచించి కాని కదలకపోవడం మొదలైంది. వయసు వచ్చిన బండి, నాలాగే లేవడానికి సమయం తీసుకుంటోందని నవ్వుకున్నాను. ఆ నవ్వు నా మొదటి తప్పు. మరో నెలకు అంచెట్టి ఘాటు రోడ్డు మీద, ఏనుగులు దాటుతున్నాయని అటవీశాఖ వారు వాహనాలను నిలిపివేసిన చోట, మళ్ళీ బయలుదేరబోతే ఇంజన్ హోరెత్తింది తప్ప కారు ముందుకు సాగలేదు. వెనుక లారీ, పక్కన లోయ, చీకటి పడే వేళ. లారీ క్లీనరు కుర్రవాడు చక్రం కింద రాయి పెట్టకపోతే ఈ ప్రసంగం మరొకరు చేస్తూ ఉండేవారు.

నగరంలోని ఒక పెద్ద సర్వీసు కేంద్రానికి బండిని చేర్చాను. వారి పేరు ఇక్కడ అనవసరం. కంప్యూటర్ తగిలించారు. పి 0730 అనే సంకేతం వచ్చింది. అరగంటలో అంచనా పత్రం చేతికిచ్చారు: గేరుబాక్సు మొత్తం మార్చాలి, లక్షా ఎనభై వేలు. నా చేత ఒక్క ప్రశ్న అడిగించుకోలేదు, నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ కాగితం పట్టుకొని నేను వెళ్ళినది హోసూరులో సొంత షెడ్డు నడుపుతున్న మన పూర్వ విద్యార్థి దగ్గరకు. పేరు చెప్పవద్దని కోరాడు. ఈ సభలోనే వెనుక వరుసలో ఎక్కడో ఉన్నాడు. అతడు కాగితం చదివి మడిచి నాకే ఇచ్చి, స్టూలు వేసి కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా? ఎత్తులోనే జారుతుందా, సమతలంలో కూడానా? వెనుక గేరు బాగా పడుతుందా? మలుపు తిరిగేటప్పుడు ఏమైనా తేడా ఉందా? నిలిపిన చోట నేల మీద మరకలు చూశారా? చివరిసారి ఆయిలు ఎవరు మార్చారు, ఏ ఆయిలు పోశారు? ఇరవై నిమిషాలు అడిగాడు. నేను సగం ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయాను. మరకల సంగతి మాత్రం జ్ఞాపకం వచ్చింది. ఇంటి ముందు ముగ్గు వేసే చోట ఎర్రని జిడ్డు చుక్కలు ఉండేవి. ఎవరో తాంబూలం ఉమ్మారని పనిమనిషి మీద కేకలు కూడా వేశాను.

పి 0730 అంటే ఏమిటో అతడు చెప్పిన తీరు నాకు నచ్చింది. "మేడమ్, లోపల చక్రం ఎంత తిరగాల్నో, అంత తిరగలేదని కంప్యూటర్ చెప్తా ఉండాది. ఎందుకు తిరగలేదో అది చెప్పదు. అది మనమే చూడాల." గేరు నిష్పత్తి తప్పిందన్నదే ఆ సంకేతానికి అర్థం. పలకలు అరిగినా తప్పవచ్చు, కవాటం బిగుసుకున్నా తప్పవచ్చు, పీడనం చాలకపోయినా తప్పవచ్చు.

తరువాత బండిని సమతలంలో నిలిపి, ఇంజన్ వేడెక్కనిచ్చి, నడుస్తూ ఉండగానే లివరును అన్ని స్థానాలలోనూ ఒకసారి తిప్పి పి లో పెట్టి, కొలత కడ్డీ తీసి తుడిచి మళ్ళీ ముంచి చూశాడు. చాలా బండ్లకు ఇదే పద్ధతి. కొన్నిటికి ఇంజన్ ఆపి చూడాలి. కొత్త బండ్లలో చాలావాటికి కడ్డీయే ఉండదు, కింది మర విప్పి నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద చూడాలి. బండితో వచ్చిన పుస్తకంలో అది రాసి ఉంటుంది. మనం ఆ పుస్తకాన్ని పూజ చేసిన రోజున తెరిచి, మళ్ళీ అమ్మేటప్పుడే వెతుకుతాం. నా బండి కడ్డీకి కింది గుర్తు వరకు కూడా తడి అంటలేదు.

అక్కడికి అన్నీ కలిశాయి. ఆయిలు తక్కువైతే పంపు దానితో పాటు గాలిని కూడా పీలుస్తుంది. ఆయిలు నురగ కడుతుంది, పీడనం పడిపోతుంది, పలకల పట్టు సడలి జారుతాయి. ఎత్తులో ఉన్న కొద్దిపాటి ఆయిలు కూడా ఒక పక్కకు ఒదిగి, పంపు మూతికి అందదు. అందుకే అంచెట్టి ఘాటులో నిలిచిపోయింది. ఉదయం పూట ఆలస్యం కూడా ఆ పీడనం కూడడానికి పట్టిన సమయమే.

ఆయిలును తెల్లని కాగితం మీద చుక్క వేసి చూపాడు. అది పిల్లలు కూడా చేయదగిన పరీక్ష. చాలా బండ్లలో కొత్త ఆయిలు కుంకుమ నీటి రంగులో ఉంటుంది. వాడగా ముదురుతుంది. నల్లబడి మాడిన వాసన వేస్తే పలకలు కాలినట్లు. పాలు కలిపినట్లు గులాబి రంగులో ఉంటే రేడియేటర్‌లోని నీరు కలిసినట్లు. ఆ బండిని ఇక నడపరాదు. నాది కషాయం రంగులో ఉంది. "కొంచెం మాడిన వాసన ఉండాది మేడమ్, పూర్తిగా కాలలే" అన్నాడు. బ్రేకు అదిమిపట్టి యాక్సిలరేటర్ తొక్కి చూసే పరీక్ష ఒకటి ఉందట. అయిదు క్షణాలు మించితే ఆ పరీక్షే గేరుబాక్సును చంపుతుంది. ఆయిలు లేని బండికి అది వద్దని మానేశాడు. మనలో ఎవరూ దానిని ఇంటి దగ్గర ప్రయత్నించకూడదు.

అడుగు తొట్టి విప్పినప్పుడు అందులోని అయస్కాంతాన్ని నా చేతికిచ్చాడు. దాని మీద కాటుక వంటి సన్నని బూడిదరంగు పొడి ఉంది. అది సహజమైన అరుగుదల. రవ్వలు, పెళ్ళలు ఉంటే పళ్ళచక్రమో బేరింగో విరిగినట్లు, అప్పుడు విప్పక తప్పదు. నా అయస్కాంతం మీద రవ్వలు లేవు. కారణం దొరికినది ఆ తరువాత: గేరుబాక్సు నుండి చల్లబరిచే జాలీకి ఆయిలు పోయే రబ్బరు గొట్టం, బిగింపు పట్టీ కింద, వెంట్రుకవాసి పగిలి ఉంది.

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పవలసి ఉంది. చెప్పకుండా ముగించవచ్చు, కాని అతడు సభలో ఉన్నాడు.

ఈ అబ్బాయి ఎనిమిదవ తరగతిలో ఉండగా నేను ఈ బడిలో కొత్తగా చేరిన సైన్సు టీచరును. మూడు పరీక్షలలోనూ అతనికి ఇరవై లోపు మార్కులు. బి.ఎడ్. లో లోప నిర్ధారణ, లోప నివారణ బోధన అని ఒక అధ్యాయమంతా చదివి ఫస్టు క్లాసు తెచ్చుకున్నదాన్ని నేను. అతని తండ్రిని పిలిపించి, "చదువు రాదండీ, ఏదైనా పనిలో పెట్టండి" అని చెప్పాను. ఆ తండ్రి నా మాట నమ్మి అబ్బాయిని హోసూరులో ఒక షెడ్డులో పెట్టాడు. ఏడాది తరువాత మన లెక్కల మాస్టారు, ఈనాడు మన మధ్య లేరు, దారిలో కనబడిన అబ్బాయిని బస్సు బోర్డు చదవమని అడిగారు. అతనికి బోర్డు కనబడలేదు. కళ్ళద్దాలు వచ్చాయి, అబ్బాయి తిరిగి వచ్చాడు, పదవ తరగతి గట్టెక్కి ఐ.టి.ఐ. కి వెళ్ళాడు. మార్కులు ఇరవై అన్నది నాకు కనబడిన సంకేతం. ఎందుకు ఇరవై అని నేను అడగలేదు. నల్లబల్ల మీద నేను రాసినది ఏ పొద్దూ అతనికి కనబడనే లేదు. అతని ఒక సంవత్సరం నేను తీసుకున్నాను.

ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చొని అతని ప్రశ్నలు వింటున్నంతసేపూ నాకు ఇదే గుర్తుకు వచ్చింది. అతడు మాత్రం ఆ విషయం ఎత్తలేదు. "మేడమ్, టీ తాగుతారా" అన్నాడు.

మరమ్మతు సంగతి క్లుప్తంగా చెబుతాను. గొట్టం మార్చాడు. వడపోత జల్లెడ, తొట్టి రబ్బరు మార్చాడు. ఆ బండికి నిర్దేశించిన ఆయిలునే తెప్పించి పోశాడు. పదకొండు వేల చిల్లర అయింది. జారడం పోయింది, కాని రెండు నుండి మూడవ గేరుకు మారేటప్పుడు చిన్న కుదుపు మిగిలింది. దానికి మరొక రోజు వెచ్చించి, వైరు కూడలిలో ఆయిలు చేరిందని కనిపెట్టి శుభ్రం చేశాడు. కుదుపు తగ్గింది, పూర్తిగా పోలేదు. అతడు దానిని దాచలేదు. "ఆయిలు లేకుండా రెండు నెలలు నడిపినారు కదా, పలకలు కొంత అరిగినాయి. ఇంకా రెండేండ్లో మూడేండ్లో వస్తాయి, అప్పుడు విప్పి పలకలే మారుద్దాం, మొత్తం బాక్సు అవసరం లేదు" అన్నాడు. మొదటి రోజున నేను నవ్వకుండా అతని దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ పలకలు ఇంకా చాలాకాలం వచ్చేవి.

ఇక్కడున్న వారిలో ఆటోమేటిక్ బండ్లు ఉన్నవారు చాలామందే ఉన్నారని బయట నిలిపిన కార్లు చూస్తే తెలుస్తుంది. వారికి కొన్ని మాటలు. మీ బండి ఏ రకమో ముందు తెలుసుకోండి. నేను చెప్పినది టార్క్ కన్వర్టర్ రకం. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు నడిచేది సి.వి.టి. జంట క్లచ్‌లది మరొకటి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో చవకగా ప్రచారంలోకి వచ్చినది ఎ.ఎం.టి. అది మామూలు గేరుబాక్సే, క్లచ్ నొక్కి గేరు వేసే పని మాత్రం యంత్రం చేస్తుంది. దానిలో గేరు మారేటప్పుడు చిన్న తూగు ఉండడం దాని స్వభావం, జబ్బు కాదు. మన తెలుగు పండితులు ఆ తూగు పోవాలని మూడు షెడ్లు తిరిగారు. ఒక రకానికి పోసే ఆయిలు మరొక రకానికి పనికిరాదు. ఎ.ఎం.టి., జంట క్లచ్ బండ్లను ఎత్తులో యాక్సిలరేటర్‌తో నిలిపి ఉంచకండి, క్లచ్ కాలిపోతుంది. బ్రేకు తొక్కండి.

బండి నిలిపేటప్పుడు బ్రేకు మీద కాలుంచి ముందు చేతి బ్రేకు వేసి, ఆ తరువాతే లివరును పి లో పెట్టండి. పి లో పెట్టినప్పుడు లోపల ఒక చిన్న ఉక్కు కొక్కెం పళ్ళలో పడుతుంది. బేటరాయస్వామి తేరు చక్రం కింద పెట్టే అడ్డుకట్టె వంటిది అది. కట్టె ఆపుతుంది నిజమే, తేరు బరువంతా ఎల్లప్పుడూ దాని మీదనే వదలము కదా. బండి ఆగిపోతే నడిపే చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి లాగించకండి. ఇంజన్ తిరగకపోతే ఆయిలు పంపు తిరగదు, లోపలి భాగాలు పొడిగా రాపిడి పడతాయి. లారీ మీదికి ఎక్కించి పంపండి.

మన జిల్లాలోనే పోచంపల్లి దగ్గర 2021లో విద్యుత్ స్కూటర్ల కర్మాగారం వెలసింది. విద్యుత్ కార్లలో చాలావాటికి ఇన్ని గేర్లే ఉండవు, మరి నీ పని ఏమవుతుందని అతణ్ణి అడిగాను. "అది కూడా జబ్బు పడతాది కదా మేడమ్" అన్నాడు.

నేను ఈ ప్రసంగంలో క్లచ్, సోలినాయిడ్, కన్వర్టర్ అన్న మాటలను అలాగే ఉంచాను. షెడ్డులో అవే మాటలు వాడతారు, వాటిని బలవంతంగా సంస్కృతీకరిస్తే అక్కడ ఎవరికీ అర్థం కాదు. గ్రహచక్రం, వలయచక్రం మాత్రం తెలుగులోనే నిలిచాయి. ఆ పేర్లతో పదవ తరగతి పిల్లలు అట్టతో చేసిన నమూనా రెండవ గదిలో ఉంది. చేతితో తిప్పి చూడవచ్చు. ఆ పక్కనే నా కారు నుండి తీసిన పగిలిన గొట్టం, అయస్కాంతం, మూడు కాగితాల మీద మూడు రంగుల ఆయిలు చుక్కలు పెట్టించాను. అతడు మధ్యాహ్న భోజనం వరకు ఆ గదిలోనే ఉంటానని మాట ఇచ్చాడు. బండి ఉన్నవారు వెళ్ళి అడగండి. బండి లేకపోయినా, వచ్చే జూన్‌లో బిడ్డను ఏ బడిలో చేర్చాలా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు కూడా వెళ్ళండి.